పెద్దమనుషుల సంతకం, తోటీ చెయ్యి

చావు కబురు మొయ్యడం ఎవరి పనో మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఊళ్ళో ఆసామి ఇంట్లో ముసలాయన పోతే ఎండనక వాననక నాలుగూళ్ళు నడిచి చుట్టాలకి చెప్పి రావలసినవాడు వెట్టివాడు. మహారాష్ట్రలో మహర్లకీ ఇదే పని ఉండేదని అంబేడ్కర్ రాశాడు. డప్పు కొట్టడం, గొయ్యి తవ్వడం, కట్టెలు పేర్చడం, పోలీసులు వచ్చేదాకా రాత్రంతా శవం పక్కన కాపలా కూచోడం, ఇవన్నీ మాల మాదిగల పనులే. చావు చుట్టూ ఉన్న పనులన్నీ మనకి అప్పజెప్పిన సమాజం ఒక్క పని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. మనిషి ఎట్లా చచ్చిపోయాడో చెప్పే పని.

ఆ పని రెండు కాగితాల మీద జరుగుతుంది. ఒకటి పోలీసు రాసే శవ పంచనామా. కోస్తాలో శవ పంచాయతీ అంటారు, స్టేషన్లో ఇంక్వెస్టు అంటారు. రెండోది డాక్టరు రాసే పోస్టుమార్టం రిపోర్టు. సాహిత్య విమర్శకులు కవిత్వాన్ని చదువుతారు, కథని చదువుతారు. ఈ కాగితాల్ని రచనలుగా ఎవరూ చదవరు. నేను ఆ పని చేద్దామనుకుంటున్నాను. ఎందుకంటే మా పల్లెలో చాలామంది గురించి ఎవరైనా రాసిన ఒకే ఒక్క పేజీ వచనం వాళ్ళ శవ పంచనామా. బతికుండగా వాళ్ళ గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

ముందు చట్టం మాటలు చూద్దాం. అనుమానాస్పదంగా ఎవరన్నా చనిపోతే పోలీసు అధికారి శవం ఉన్న చోటికి పోయి, ఇరుగుపొరుగున ఉండే ఇద్దరు లేక అంతకు మించిన 'గౌరవనీయులైన' నివాసుల సమక్షంలో విచారణ చేసి, పైకి కనపడే చావు కారణాన్ని రాయాలి. ఇది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షను. 1898 నాటి తెల్లదొరల కోడ్‌లోనూ ఇదే నెంబరు, ఇదే మాట. 2024 జులై 1 నించి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో నెంబరు 194 అయింది. వలస చట్టాలు పోయాయని చాటింపు వేశారు గాని, 'గౌరవనీయులు' ఎక్కడికీ పోలేదు.

ఇంకో సెక్షన్ని పక్కన పెట్టి చూస్తే ఈ మాట సంగతి బాగా తెలుస్తుంది. ఇల్లు సోదా చెయ్యడానికి కూడా సాక్షులు కావాలి. అక్కడ పాత కోడ్‌లో ఒట్టి 'గౌరవనీయులు' అని ఉన్నదాన్ని 1973లో 'స్వతంత్రులూ గౌరవనీయులూ' అని మార్చారు, 100వ సెక్షన్లో. అంటే సాక్షి ఒకరి చెప్పుచేతల్లో ఉండకూడదని చట్టం రాసినవాళ్ళకి తట్టింది. కాని ఆ తట్టింది బీరువాల విషయంలోనే. శవం దగ్గర కూచునే పెద్దమనిషి స్వతంత్రుడు కానక్కర్లేదు, గౌరవనీయుడైతే చాలు. ఈ ఒక్క మాట తేడాని మన లాయర్లు ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు.

'గౌరవనీయుడు' అన్నది తెలుగు పల్లెలోకి దిగేసరికి 'పెద్దమనిషి' అవుతుంది. పెద్దమనిషి అంటే ఎవరు? పొలం ఉన్నవాడు, పంచాయతీ చెప్పేవాడు, ఎస్సైకి కుర్చీ వేయించేవాడు. 1984లో మునసబు కరణాల వ్యవస్థ, తెలంగాణలో పటేల్ పట్వారీల వ్యవస్థ రద్దయ్యాయి గాని వాళ్ళ అరుగులు రద్దు కాలేదు. కారంచేడు, చుండూరుల తర్వాత మన పల్లెల్లోనూ చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు, సర్పంచులు వచ్చారు. అయినా శవం మీది గుడ్డ తీసేటప్పుడు ఎస్సై కళ్ళు ఎవరిని వెతుకుతాయో మనకి తెలుసు.

చట్టంలో 'ఇరుగుపొరుగు' అన్న మాట కూడా ఉంది. ఇది మనకి ఉపయోగపడవలసిన మాట. వాడలో శవానికి ఇరుగుపొరుగు వాడే గదా! కాని మనవాణ్ణి చంపేవాడు వాడలో చంపడు. చేలో చంపుతాడు, కాలవగట్టు మీద చంపుతాడు, లేకపోతే అక్కడికి ఈడ్చుకుపోయి పడేస్తాడు. శవం దొరికిన చోటే ఇరుగుపొరుగు కాబట్టి, చంపినవాడి ఇరుగుపొరుగే పంచాయతీదార్లుగా కూచుంటారు.

తర్వాత వచ్చే వాక్యం మరీ చిత్రమైంది. ఆ నివేదిక మీద పోలీసు అధికారీ, వచ్చినవాళ్ళలో 'దానితో ఏకీభవించినవాళ్ళూ' సంతకం చెయ్యాలి. ఏకీభవించనివాళ్ళు ఏం చెయ్యాలో చెప్పలేదు. వాళ్ళకి కాగితం మీద చోటు లేదు. అందుకే ప్రతి పంచనామాలోనూ 'పంచాయతీదార్ల ఏకాభిప్రాయం' ఉంటుంది. ఒప్పుకోనివాణ్ణి లెక్కలోంచి తీసేశాక మిగిలేది ఏకాభిప్రాయమే.

ఇక భాష. పరిశోధన కోసం పాత కోర్టు రికార్డులు తిరగేస్తున్నప్పుడు నన్ను ఆపింది ఈ భాషే. ఊరూరా ఎస్సైలు మారతారు, రైటర్లు మారతారు, వాక్యాలు మారవు. 'శవము వెల్లకిలా పడి యున్నది', 'గాయములు కలవు' అనే పాత గ్రాంథికం ఇంకా అక్కడ బతికి ఉంది. ఆ వాక్యాల్లో కర్త ఉండడు. గాయాలు ఉంటాయి గాని కొట్టినవాడుండడు. కారణాలు కూడా అచ్చు పోసినట్టే ఉంటాయి. 'కడుపునొప్పి తాళలేక', 'జీవితముపై విరక్తి చెంది', 'మద్యము మత్తులో కాలుజారి'. ఇంతమంది కూలోళ్ళకి తాళలేనంత కడుపునొప్పి ఎందుకొస్తున్నదో ఏ రైటరూ అడగలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే ప్రమాద మరణాలు, ఆత్మహత్యల పుస్తకంలో ప్రేమ వ్యవహారాలకి గడి ఉంది, పరీక్ష తప్పడానికి గడి ఉంది, సంఘంలో పరువు తగ్గడానికి కూడా గడి ఉంది. అంటరానితనానికి గడి లేదు. గడి లేని కారణంతో చచ్చినవాడు ఏదో ఒక గడిలోకి సర్దుకోవలసిందే.

చావు కారణం పేరుతో మనిషి పుట్టుకనే విచారణకు పెట్టడం కూడా చూశాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టలు నించి వెలి వెయ్యడం, ఆగిపోయిన ఫెలోషిప్పు అందరికీ కనపడుతూనే ఉన్నాయి. 2024 మే నెలలో బయటికొచ్చిన పోలీసు క్లోజర్ రిపోర్టు మాత్రం అతను ఎస్సీ కాదనీ, ఆ సంగతి బయటపడుతుందన్న భయమే కారణమనీ రాసింది. గగ్గోలు పుట్టాక మళ్ళీ దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. కారణపు గడిలో కులం రాయనివాళ్ళు ఇక్కడ రాశారు. రాసింది మాత్రం చచ్చినవాడి మీద నేరంగా.

పంచనామాకి అంత విలువ లేదు, అది ప్రాథమిక కాగితమే అని కొందరు లాయరు మిత్రులు అంటారు. నిజమే, 1975లో ఆంధ్రప్రదేశ్ నించే వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఎవరు కొట్టారు, ఎట్లా కొట్టారు అన్నది ఇంక్వెస్టు పరిధిలోకి రాదనీ, పైకి కనపడే కారణం రాస్తే చాలనీ. కాని సెషన్స్ కోర్టులో కాసేపు కూచుని చూడండి. ముద్దాయి తరపు వకీలు లేచి మొట్టమొదట అడిగేది, 'ఇంక్వెస్టులో నా క్లయింట్ల పేర్లు లేవు గదా?' అనే. రాయనక్కర్లేదని ఒక కోర్టు చెబుతుంది, రాయలేదేమని ఇంకో కోర్టులో అడుగుతారు. ఈ రెండిటి మధ్య పోయేది మనవాడి కేసు.

రెండో కాగితం ఆసుపత్రిలో తయారవుతుంది. జైసింగ్ మోడీ రాసిన వైద్య న్యాయశాస్త్రం పుస్తకం 1920లో మొదటిసారి అచ్చయింది. మెడికల్ కాలేజీలో దాన్ని చదవకుండా బయటపడ్డ డాక్టరు అరుదు. ఉరి తాడు ముద్రకీ, గొంతు బిగించిన తాడు ముద్రకీ తేడా ఏమిటి, బతికుండగా తగిలిన గాయం ఏది, చచ్చాక తగిలింది ఏది, ఇవన్నీ ఈ శాస్త్రం ఓపిగ్గా చెబుతుంది. శవాన్ని డాక్టరే స్వయంగా పరీక్షించాలని కూడా చెబుతుంది. జిల్లా కేంద్రాలు దాటితే పోస్టుమార్టం చేసేది ఫోరెన్సిక్‌లో ఎండీ చేసినవాళ్ళు కాదు, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు. ఓపీలో జ్వరాలు చూసి, మధ్యలో మార్చురీకి వచ్చి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. కోసేది తోటీ. పుర్రె తెరిచేది తోటీ. లోపల ఏముందో చేత్తో పట్టి చూసేది తోటీ. కాలేయం, మూత్రపిండం, కడుపులో ఉన్నది విడివిడిగా సీసాల్లో పెట్టి, ఉప్పు ఇంక కరగనంత చిక్కటి ఉప్పునీళ్ళు పోసి, ఫోరెన్సిక్ ల్యాబుకి పోవడానికి కట్టేదీ అతనే. ఒకవేళ యాసిడ్ తాగిన కేసయితే ఉప్పునీళ్ళు కాదు, స్పిరిట్ పొయ్యాలని కొత్తగా వచ్చిన డాక్టరుకి గుర్తుచేసేది కూడా చాలాచోట్ల అతనే. రిపోర్టు మీద మాత్రం అతని పేరు ఎక్కడా ఉండదు. కోర్టు అతన్ని పిలవదు.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. మా పెదనాయన ఒక తాలూకా ఆసుపత్రిలో తోటీ. ఊడ్చే పనికని తీసుకుని శవాల గదికి పంపారు, అక్కడే ముసలివాడయ్యాడు. ఇంటికొస్తే ముందు కాలవలో స్నానం చేసి గాని గడప తొక్కేవాడు కాదు. వాడలో కూడా కొందరు ఆయన చేతి నీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఇది కూడా రాయాలి. మనలో మనకి మెట్లు లేవన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది.

నేను ఎంఏలో ఉండగా ఒకసారి అడిగాను, 'పెదనాయనా, నీకు తెలిసి తప్పు రాసిన కేసు ఏదన్నా ఉందా?' అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. పక్క ఊరి పల్లె కుర్రోడు, దిగుడుబావిలో దొరికాడు. తాగి పడ్డాడని పంచాయతీదార్లు రాసిచ్చారు. 'రెండు మణికట్లకీ తాడు ఒరుసుకున్న గుర్తులున్నయ్ రా. బతికుండగా కట్టినయ్యే. నెత్తురు కమిలి ఉంది లోపల. అయ్యా, ఇదిగో చూడండి అన్నా. నీ పని నువ్వు చెయ్యరా అన్నాడు.' రిపోర్టులో నీళ్ళలో మునిగి ఊపిరాడక అని వచ్చింది. అది అబద్ధం కూడా కాదు, మునిగే చచ్చాడు. చేతులు కట్టి పడేశారన్న ముక్క ఒక్కటే లేదు. పెదనాయన వేలిముద్రగాడు. ఆ 'కమిలిన నెత్తురు' అన్న ముక్కని శాస్త్రం ఇంకో పేరుతో పిలుస్తుంది, దాని మీద అధ్యాయాలున్నాయి. ఆయనకి ఆ పేరు తెలియదు, సంగతి తెలుసు. పేరు తెలిసినాయన వంగి చూడలేదు.

చెయ్యి ఒకరిది, మాట ఇంకొకరిది అన్న ఈ పంపకం ఈ దేశంలో ఆధునిక వైద్యం పుట్టిన రోజు నించీ ఉంది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోశాడు. బైద్య కులస్తుడు, సంస్కృతం చదివిన పండితుడు. ఆ సందర్భంలో ఫోర్ట్ విలియంలో ఫిరంగులు పేల్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. భారతదేశంలో శరీరశాస్త్రం అక్కడ మొదలైందని చరిత్ర రాశారు. ఆ నగరంలో తరతరాలుగా శవాల్ని ముట్టుకుంటున్న డోములకి ఏ ఫిరంగీ పేలలేదు. వాళ్ళు ముట్టుకుంటే కులవృత్తి, ఆయన ముట్టుకుంటే విజ్ఞానం. 2021లో అదే కలకత్తాలోని ఎన్‌ఆర్‌ఎస్ మెడికల్ కాలేజీలో మార్చురీ పనికి 6 పోస్టులు వేస్తే సుమారు 8 వేల దరఖాస్తులొచ్చాయి. అందులో ఇంజనీర్లు, పీజీలు చదివినవాళ్ళు ఉన్నారని పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఆ పోస్టుని కాగితం మీద ల్యాబ్ అటెండెంట్ అంటారు గాని, జనమూ పత్రికలూ పిలిచేది 'డోమ్' అనే. ఉద్యోగానికి కులం పేరుండటం మీద పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు చుండూరు దగ్గరికి రావాలి. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైనులో, కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన కచ్చితమైన సమయం, చంపిన చోటు, చంపినవాళ్ళెవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందని చెప్పింది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

సమయం, చోటు. ఈ రెండు మాటల దగ్గర ఆగాలి. శవం ఎప్పటిదో చెప్పడానికి డాక్టరు చూసేవి మూడు నాలుగు. ఒళ్ళు ఎంత చల్లబడింది, ఎంత బిగుసుకుంది, నెత్తురు ఏ పక్కకి దిగి చారలు కట్టింది, కుళ్ళడం ఎంతవరకూ వచ్చింది. పారే నీళ్ళు వీటన్నిటినీ తారుమారు చేస్తాయి. ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది, శవం దొర్లుతూ ఉంటే చారలు నిలవవు, పైకి తీశాక ఆగస్టు ఉక్కలో కుళ్ళడం ఒక్కసారిగా మొదలవుతుంది. కచ్చితమైన గంట చెప్పడం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు. చోటు సంగతీ అంతే. గోనెసంచి, కాలవ, రెండూ చోటుని చెరిపెయ్యడానికే. చంపినవాళ్ళు శవాలతోపాటు సమయాన్నీ చోటునీ నీళ్ళలో కలిపేశారు. తర్వాత న్యాయస్థానం ఆ రెండిటినీ తెచ్చి చూపించమని చచ్చినవాళ్ళ తరఫువాళ్ళని అడిగింది. సాక్ష్యాన్ని మాయం చేసినవాడికి ఆ మాయమే రక్షణ కావడం నేర న్యాయంలో మామూలు లోపం కాదు. పొలాలున్నవాడికి, కాలవ మీద పెత్తనమున్నవాడికి మాత్రమే అందే రక్షణ అది.

ఖైర్లాంజీలోనూ శవాలు దొరికింది కాలవలోనే. 2006 సెప్టెంబరు 29న ఒకే కుటుంబంలో నలుగురు. మొదటి పోస్టుమార్టం ఎంత అడ్డగోలుగా జరిగిందంటే, ఆడవాళ్ళ మీద అత్యాచారం జరిగిందా లేదా అన్న పరీక్షే సరిగా చెయ్యలేదు. శవాల్ని మళ్ళీ తవ్వి తీసి రెండోసారి పరీక్షించేసరికి ఆలస్యమైపోయింది. శిక్షలు పడ్డాయి గాని అత్యాచారం కింద కాదు, అట్రాసిటీ చట్టం కింద కాదు. మాన్‌హోల్లో దిగి చచ్చిపోయినవాళ్ళకి ఇదే ఇంకో రూపంలో జరుగుతుంది. 'ప్రమాదవశాత్తూ ఊపిరాడక' అని రాస్తారు. ఎవరు దించారో ఉండదు. బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలు ఇవ్వమంది, 2023 అక్టోబరులో ఇంకో కేసులో 30 లక్షలకి పెంచింది. అయితే ఆ డబ్బు రావాలన్నా అది మురుగు శుభ్రం చేస్తుండగా వచ్చిన చావేనని ముందు కాగితం ఒప్పుకోవాలి.

అట్రాసిటీ చట్టం కూడా ఈ కాగితం చుట్టే తిరుగుతుంది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం హత్య జరిగితే 8,25,000 రూపాయల సాయం. అందులో సగం పోస్టుమార్టం అయ్యాక, సగం ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళాక. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చెయ్యాలి. ఇంత వివరంగా రాసిన చట్టం, చావు కారణం చెప్పే ఆ ఇద్దరు పెద్దమనుషులు ఎవరై ఉండాలో ఒక్క మాట చెప్పదు. 1983లో స్త్రీల ఉద్యమం ఒత్తిడితో ఈ 174వ సెక్షన్నే సవరించారు, పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ చనిపోతే ప్రత్యేక పద్ధతి పెట్టారు. హక్కుల సంఘాలు ఏళ్ళ తరబడి పోట్లాడాక 2005 సవరణలో కస్టడీ చావులకి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ వచ్చింది. మన ఉద్యమం ఈ సెక్షన్లో ఒక్క అక్షరాన్ని కూడా కదపలేదు. అడిగితే గదా కదిలేది!

తప్పు మన రచనల్లోనూ ఉంది. నేను చదివినంతలో మన నిజనిర్ధారణ నివేదికలు కలెక్టరుని కలుస్తాయి, డీఎస్పీని కలుస్తాయి, డాక్టరు దొరక్కపోతే దొరకలేదని రాస్తాయి. మార్చురీలో పనిచేసే మనిషిని అడిగిన నివేదిక నాకు కనపడలేదు. శవాన్ని చేత్తో ముట్టుకుని చూసిన ఒకే ఒక్కడు ఆయన, చాలాసార్లు మనవాడే. మన కవుల సంగతి చెప్పాలంటే, శవం అన్న మాట వాళ్ళు వాడినంతగా ఎవరూ వాడలేదు. ప్రతీకగా వాడారు. పోస్టుమార్టం కాగితం చదివిన కవి ఎంతమంది?

బొజ్జా తారకం గారు రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకం పల్లెల్లో ఎంతమందికి ధైర్యమిచ్చిందో మనం చూశాం. శవం దగ్గర ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం కూడా అట్లాంటిది కావాలి. అందాకా కొన్ని పనులు ఇప్పుడున్న చట్టంతోనే చెయ్యొచ్చు. పంచాయతీదార్లుగా వాడ మనుషుల్ని, అందులో చదువుకున్న ఆడపిల్లల్ని కూచోబెట్టమని అడగొచ్చు, కాదనడానికి చట్టంలో ఏమీ లేదు. అట్రాసిటీ కేసయితే 15ఏ సెక్షన్ కింద ప్రక్రియ అంతా వీడియో తియ్యాలి, శవం మీది గుడ్డ తీసేటప్పుడే ఆ మాట ఎత్తాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. రాసింది చదివించుకోవాలి. ఒప్పుకోకపోతే సంతకం మానేసి ఊరుకోవద్దు, ఎందుకు ఒప్పుకోలేదో, ఒంటి మీద ఏ గుర్తు ఎక్కడ చూశారో వేరే కాగితం మీద తేదీ, టైము వేసి రాయాలి, నలుగురు సంతకాలు పెట్టాలి, వేలిముద్రలైనా సరే. ఎస్సై తీసుకోనంటే దాన్ని స్పీడ్ పోస్టులో కలెక్టరుకీ ఆర్డీవోకీ పంపాలి. కొత్త చట్టం ప్రకారం పంచనామా 24 గంటల్లో వాళ్ళ దగ్గరికి చేరాలి కాబట్టి, మన కాగితం కూడా ఆ 24 గంటల్లోపే పోస్టాఫీసులో పడాలి.